ఇమ్యూనిటీ మీటలు పాత వైరస్‌లవి

మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరైన మనిషిని పెళ్లిపందిట్లో ఎక్కడ కూర్చోబెట్టినా అడిగే ప్రశ్న ఒకటే. "డాక్టరమ్మా, ఇమ్యూనిటీ పెరగాలంటే ఏం తినాలె?" హనుమకొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ ఇదే, కూరగాయల బండి దగ్గరా ఇదే. కరోనా వచ్చిపోయింది గానీ ఆ ప్రశ్న పోలేదు. మందుల షాపుకు వెళ్తే మందులకంటే ముందు కౌంటరు మీది ఇమ్యూనిటీ డబ్బాలు కనపడతాయి. పొడులు, చుక్కలు, చప్పరించే బిళ్లలు. పిల్లలకు చాక్లెట్ రుచిలో ఒకటి, పెద్దలకు షుగర్ లేనిది ఇంకొకటి. దాదాపు అన్నిటి మీదా పైకి ఎగబాకే బాణం బొమ్మ.

నా జవాబు ఎవరికీ నచ్చదు. "అది పెంచుకునే సరుకు కాదమ్మా, వేళకు మొదలై వేళకు ఆగాల్సిన పని" అంటాను. "అంటే ఏం తినొద్దా?" అంటారు. అన్నం పప్పు తినండి, టీకాలు వేయించుకోండి, రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకోండి అంటాను. ముఖం చిన్నబుచ్చుకుని పక్క కుర్చీలోకి మారతారు. పెళ్లిలో అంతకంటే చెప్పే వీలుండదు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఆ మొదలవడం, ఆగడం మన కణాల్లో ఏ మీటలతో జరుగుతున్నాయో, ఆ మీటలు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో తెలిస్తే డబ్బా మీది బాణాన్ని నమ్మడం కష్టం.

ముందు అందరం కళ్లారా చూసిన సంగతి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్ష ఫలితం చెప్పారు. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ మీదున్నవారిలో ఐదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మాత్రం మేలేమీ కనపడలేదు. డెక్సామెథసోన్ అంటే స్టెరాయిడ్, అంటే ఇమ్యూనిటీని అణిచే మందు. ఊరూవాడా ఇమ్యూనిటీ పెంచుకోమని కషాయాలు కాస్తున్న రోజుల్లోనే, ఐసీయూలో ప్రాణాలు నిలబెట్టింది దాన్ని తగ్గించే చౌకమందు. అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది. ప్రాణాపాయానికి చేరిన కోవిడ్ రోగుల్లో కనీసం పదిమందిలో ఒకరికి, తమ సొంత ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ ప్రొటీన్‌ను పట్టి పనిచేయనివ్వని యాంటీబాడీలు ఉన్నాయి. కొందరికి మొదటి రోజుల్లో చాలక ముప్పు వచ్చింది, ఇంకొందరికి రెండోవారంలో ఆగక వచ్చింది. ఇద్దరికీ ఒకే పొడి అమ్మేవాడు దేన్ని పెంచుతున్నట్టు?

ఇంటర్‌ఫెరాన్ పేరు 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ పెట్టింది. వైరస్ సోకిన కణం పక్క కణాలకు పంపే కబురు అది. ఆ కబురులో రకాలున్నాయి. టి కణాలు, ఎన్‌కే కణాలు అనే రక్షణ కణాలు విడిచే ఇంటర్‌ఫెరాన్ గామా ఒకటి. అది కణం మీది గ్రాహకానికి తగలగానే లోపల స్టాట్-1 అనే ప్రొటీన్ చురుకై, జంటకట్టి, కేంద్రకంలోకి పోయి డీఎన్‌ఏ మీద తనకు అచ్చొచ్చే అక్షరాల వరుస ఎక్కడుంటే అక్కడ కూర్చుంటుంది. కూర్చున్నచోటికి దగ్గర్లో ఉన్న జన్యువు పని మొదలుపెడుతుంది. అలా కొన్ని గంటల్లో వందల జన్యువులు లేస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్లాసులో ఏటా ఎవరో ఒకరు దీన్ని అడిగేవారు, ఎవరూ అడగని ఏడాది నేనే అడిగేదాన్ని. ఈ జన్యువులు ఒకదాని పక్కన ఒకటి లేవు. పరాయి డీఎన్‌ఏని పసిగట్టే ఎయిమ్-2 జన్యువు ఒకటో క్రోమోజోమ్ మీద ఉంది, రక్తంలోని పరాన్నజీవులతో పోరాడే ఎపోల్-1 ఇరవై రెండోదాని మీద ఉంది. మరి అన్నిటి పక్కనా అదే అక్షరాల వరుస ఎలా చేరింది? ఒక్కో అక్షరం మారుతూ మారుతూ ఒకచోట ఆ వరుస పుట్టిందంటే ఒప్పుకోవచ్చు. వందల చోట్ల, ఎవరికివారుగా, అదే వరుస పుట్టిందంటే ఎంతకాలం పట్టాలి? అన్నీ అలా పుట్టలేదని కాదు, కొన్ని పుట్టే ఉంటాయి. కానీ తనను తాను నకలు తీసుకుని, ఆ నకళ్లను క్రోమోజోముల మీద అక్కడక్కడా అతికించుకుంటూ పోయేది ఏదైనా ఉండి, దాని ఒంటి మీదే ఆ వరుస రాసి ఉంటే చిక్కు చాలావరకు విడిపోతుంది.

అలాంటివి ఉన్నాయి. కొంచెం కాదు, మన డీఎన్‌ఏలో దాదాపు సగం అవే. 2001లో మానవ జన్యుపటం ముసాయిదా వచ్చినప్పుడు లెక్క చూస్తే ప్రొటీన్ల సమాచారం ఉన్న భాగం రెండు శాతం కూడా లేదు. దూకే డీఎన్‌ఏ ముక్కలు, ఒకప్పుడు దూకి ఇప్పుడు చచ్చుబడిన వాటి అవశేషాలు మాత్రం 45 శాతం దాకా ఉన్నాయి. ఆలు అనే 300 అక్షరాల ముక్కకే పదిలక్షలకు పైగా నకళ్లు. లైన్-1 అనేదానికి ఐదులక్షల దాకా. ఈ లైన్-1 నకళ్లలో ఇప్పటికీ దూకగలిగినవి ఒక మనిషిలో ఓ వంద లోపే, మిగతావి కాళ్లు విరిగినవే. ఆ 45లోనే ఎనిమిది శాతం దాకా పాత రెట్రోవైరస్‌ల శేషం. హెచ్ఐవీ లాంటి వైరస్ ఏదో ఎప్పుడో ఒక జంతువు వీర్యకణంలోనో అండంలోనో దూరి, దాని డీఎన్‌ఏలో అతుక్కుపోయి, పిల్లలకు, ఆ పిల్లల పిల్లలకు సంక్రమిస్తూ వచ్చింది. మన తాతముత్తాతల్లో కోతులూ, వాటికి ముందటివీ ఉన్నాయి కనక వాటికి సోకిన వైరస్‌ల గుర్తులు మన దగ్గరా ఉన్నాయి.

దూకే డీఎన్‌ఏని మొదట కనిపెట్టింది మనిషిలో కాదు, మక్కజొన్నలో. మా కరీంనగర్, వరంగల్ వైపు వానాకాలం సాయంత్రాలు రోడ్డు పక్కన బొగ్గుల మీద కాలే కంకి గింజలు పసుపో తెలుపో, అన్నీ ఒకే రంగు. అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో బార్బరా మెక్‌క్లింటాక్ పెంచిన కంకుల్లో మాత్రం తెల్లగింజ మీద ఊదా మచ్చలు. కొన్ని గింజల మీద పెద్ద మచ్చలు, కొన్నిటి మీద ఆవగింజంత. 1940లలో ఆవిడ వీటి వెంటపడింది. రంగు తయారుచేసే జన్యువులో ఏదో ముక్క వచ్చి దూరితే రంగు ఆగిపోతోంది. గింజ పెరుగుతుండగా ఆ ముక్క బయటికి దూకేస్తే అక్కడినుంచి పుట్టే కణాలన్నిటికీ రంగు మళ్లీ వస్తోంది. తొందరగా దూకితే పెద్ద మచ్చ, ఆలస్యంగా దూకితే చిన్న మచ్చ. సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు, చేలో కంకులు, అంతే ఆవిడ సామగ్రి. డీఎన్‌ఏ మెలికల నిచ్చెన సంగతి ఇంకా ఎవరికీ తెలియని కాలం.

1950లో వ్యాసం రాసింది. 1951లో సభలో చెప్పింది. విన్నవాళ్లకు పట్టలేదు. 1983లో, 81 ఏళ్ల వయసులో, ఎవరితోనూ పంచుకోకుండా ఒక్కతే నోబెల్ అందుకుంది. ఈ కథను ఆలస్యంగా దొరికిన గుర్తింపు అని చెప్పి ముగించడం మన పత్రికలకు ఇష్టం. నాకు అందులో ఇంకో అన్యాయం కనపడుతుంది. ఆవిడ ఆ ముక్కలకు పెట్టిన పేరు నియంత్రించే మూలకాలు అని. అవి దూకడం ఆవిడకు రెండో సంగతి, జన్యువులను ఎప్పుడు లేపాలి, ఎప్పుడు పడుకోబెట్టాలి అన్నదాన్ని అవి నడుపుతున్నాయన్నది మొదటి సంగతి. ప్రపంచం దూకడానికి బహుమతి ఇచ్చి, నియంత్రణ మాటను పక్కనబెట్టింది. ఈలోగా 1972లో సుసుము ఓనో అనే శాస్త్రవేత్త మన డీఎన్‌ఏలో అంత చెత్త ఎందుకుందని వ్యాసం రాశాడు, చెత్త అన్న మాట అతుక్కుపోయింది. అంతకు మూడేళ్ల ముందే, 1969లో, బ్రిటెన్, డేవిడ్‌సన్ అనే ఇద్దరు అమెరికన్లు మళ్లీమళ్లీ వచ్చే డీఎన్‌ఏ వరుసలే దూరదూరంగా ఉన్న జన్యువులను ఒకే కబురుకు లేచేలా కలిపి ఉండొచ్చని సిద్ధాంతం రాసి పెట్టారు. నేను క్లాసులో అడిగే చిక్కుకు జవాబు అక్కడే ఉంది. రుజువు చేసే పనిముట్లు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పైగా పట్టింది.

ఆ రుజువు 2016లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఎడ్వర్డ్ చువాంగ్, నెల్స్ ఎల్డీ, సెడ్రిక్ ఫెషాట్ అనే ముగ్గురి పని. ఇంటర్‌ఫెరాన్ గామా తగిలిన మానవ కణాల్లో స్టాట్-1 ఎక్కడెక్కడ కూర్చుంటోందో చూశారు. చాలాచోట్ల పాత రెట్రోవైరస్ ముక్కల మీద కూర్చుంటోంది, అందులోనూ మెర్-41 అనే కుటుంబం మీద ఎక్కువగా. నాలుగున్నర నుంచి ఆరు కోట్ల ఏళ్ల కిందట మన కోతి పూర్వీకులకు సోకిన వైరస్ శేషం అది. సరే, కూర్చుంటే ఏమైంది, కాకి కూడా కరెంటు స్తంభం మీద కూర్చుంటుంది అనేవారికి జవాబుగా వాళ్లు డీఎన్‌ఏని కోరినచోట కోసే క్రిస్పర్ అనే పనిముట్టుతో ఎయిమ్-2 పక్కనున్న మెర్-41 ముక్కను కోసేశారు. జన్యువును ముట్టుకోలేదు, పక్కనున్న చెత్తను మాత్రమే తీశారు. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చినా ఎయిమ్-2 లేవలేదు. వైరస్ సోకినప్పుడు ఆ కణంలో జరగాల్సిన ప్రతిచర్య దెబ్బతింది. ఎపోల్-1 పక్కన, ఇంకో రెండు జన్యువుల పక్కన ఉన్న ముక్కలు తీసినా అంతే. ఎలుకల్లో ఇలాంటి పనికి వేరే వైరస్ కుటుంబం కుదిరింది. ఎలుకలో బాగా పనిచేసిన ఇమ్యూనిటీ మందు మనిషిలో ఎందుకు బోల్తా పడుతుందో చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చు.

మా వైపు పాత పెంకుటిల్లు కూల్చితే దాని టేకు దర్వాజాలు పారేయరు. కడిగి, కొత్తింటికి బిగిస్తారు. ఆ ఇంటివాళ్లతో ఒకప్పుడు తగవులున్నాయా లేవా అని దర్వాజాను అడగరు. మన కణాలు వైరస్ కలపతో చేసిందీ అంతే, ఎవరూ అనుకుని చేయలేదన్న తేడా తప్ప. ఎక్కడ పడితే అక్కడ అతుక్కున్న వేల నకళ్లలో ఎక్కువభాగం పనికిరాకుండా పాడైపోయాయి, కొన్ని హానిచేసి తమను మోసినవారితోపాటే పోయాయి, తగినచోట పడ్డవి కొన్ని మిగిలాయి.

అయితే వైరస్ ఒంటి మీద మన ఇమ్యూనిటీ కబురును అందుకునే వరుస ఎందుకుంది? దీన్ని అర్థం చేసుకోవడానికి ఇప్పటి హెచ్ఐవీని చూడాలి. దాని రెండు చివర్లలో ఉండే నియంత్రణ భాగంలో ఎన్ఎఫ్-కప్పా-బి అనే మన ప్రొటీన్ కూర్చునే చోట్లు ఉన్నాయి. టి కణం ఏదో ఇన్‌ఫెక్షన్ చూసి చురుకవగానే ఆ ప్రొటీన్ లేస్తుంది, దాంతోపాటు దాక్కున్న హెచ్ఐవీ కూడా లేచి నకళ్లు తీసుకుంటుంది. మనం వాడిని పట్టుకోవడానికి మోగించే గంట వాడికి నిద్రలేపే గంట. కోట్ల ఏళ్లనాటి వైరస్‌లూ ఇదే యుక్తి పన్ని ఉండొచ్చు. చచ్చాక యుక్తి మిగిలింది, దాన్ని మనం వాడుకున్నాం. నలభై ఏళ్లు పాఠం చెప్పినా ఇంత కొంటెతనం నాకు ఇంకే పాఠంలో కనపడలేదు.

ఇంతవరకూ చదివి, చూశారా, పాత వైరస్‌లే మనకు ఇమ్యూనిటీ పెంచాయి అనుకోవద్దు. పెంచడమే జరిగితే మనం ఎప్పుడో పోయేవాళ్లం. చువాంగ్ ఆ తర్వాత కొలరాడోలో తన ప్రయోగశాల పెట్టుకున్నాడు. అక్కడినుంచి 2024లో వచ్చిన పని నాకు మెర్-41 కంటే ఆసక్తిగా ఉంది. ఇంటర్‌ఫెరాన్ కబురును అందుకునే గ్రాహకంలో ఐఎఫ్ఎన్ఏఆర్-2 అనే భాగం ఉంది. దాని జన్యువులో ఒక ఆలు ముక్క దూరి ఉంది. ఆ ముక్క కూడా కలిసి ప్రొటీన్ తయారైనప్పుడు లోపలికి కబురు చేరవేసే తోక లేని పొట్టి గ్రాహకం వస్తుంది. అది ఇంటర్‌ఫెరాన్‌ను పట్టుకుంటుంది, లోపల ఎవరికీ చెప్పదు. ఆ పొట్టిదాన్ని తీసేస్తే కణాలు ఇంటర్‌ఫెరాన్‌కు మరీ ఎక్కువగా స్పందించాయి. అంటే మన కణాలు ఇంటర్‌ఫెరాన్ పనిని తగ్గించడానికి కూడా దూకే డీఎన్‌ఏనే వాడుకుంటున్నాయి. ఈ బాణం కిందికి ఉంది, దీన్ని ఏ డబ్బా మీదా వేయరు.

కోవిడ్ మొదటి నెలల్లో ఇంటర్‌ఫెరాన్ గురించి ఒక భయం పుట్టింది. కరోనా వైరస్ లోపలికి దూరే ఏస్-2 ద్వారాన్ని ఇంటర్‌ఫెరాన్ ఇంకా పెంచుతోందని ఒక అధ్యయనం చెప్పింది. వైద్యంగా ఇంటర్‌ఫెరాన్ ఇస్తే వైరస్‌కు తలుపులు తెరిచినట్టే కదా అని చాలామంది తటపటాయించారు. అదే ఏడాది తేలిందేమంటే, ఇంటర్‌ఫెరాన్‌కు పెరిగేది అసలు ఏస్-2 కాదు, దాని పొట్టి రూపం. ఆ పొట్టి రూపానికి మొదలు పాత దూకే డీఎన్‌ఏ ముక్క నుంచి వచ్చింది. కరోనా ముల్లు దానికి తగులుకోదు. జన్యువు పేరు మాత్రమే చూసి, పక్కనున్న పాత ముక్కను చూడకపోతే మహమ్మారి మధ్యలో కూడా తప్పుదారి పట్టే ప్రమాదం ఉందన్నమాట.

యాంటీబాడీల సంగతీ ఒక మాట చెప్పి వదిలేస్తాను, అది నియంత్రణ కంటే పాత కథ. లక్షల రకాల యాంటీబాడీలు తయారుకావడానికి బి కణాల్లో డీఎన్‌ఏని కోసే రాగ్ ప్రొటీన్లు కూడా దూకే డీఎన్‌ఏ వారసులే. ఇంటర్ జువాలజీ చదివినవారికి యాంఫియాక్సస్ గుర్తుండే ఉంటుంది. చేపలా కనిపించే ఆ చిన్న ప్రాణిలో రాగ్‌కు మూలమైన దూకే ముక్క పూర్తి రూపంతో ఉందని చైనా శాస్త్రవేత్తలు 2016లో చూపించారు.

ఇక దీనికి మనం చెల్లిస్తున్న వెల చూద్దాం. సొంత ఒంట్లోనే సగం డీఎన్‌ఏ వైరస్ వాసన వేస్తుంటే, వైరస్‌ను పసిగట్టే యంత్రాంగం పొరపడదా? పొరపడకుండా కణం నిరంతరం జాగ్రత్త పడుతుంటుంది. ఆలు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ జంటగా మడతపడితే అచ్చం వైరస్ ఆర్‌ఎన్‌ఏలా కనిపిస్తుంది. అందుకని అడార్-1 అనే ఎంజైమ్ దాని అక్షరాలను అక్కడక్కడా మార్చి ఇది మనదే అని గుర్తు పెడుతుంది. ట్రెక్స్-1 అనే ఇంకోటి కేంద్రకం బయట తిరిగే డీఎన్‌ఏ తునకలను ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. ఇవి పాడైన పిల్లల్లో ఐకార్డీ-గూటియేర్ అనే అరుదైన జబ్బు వస్తుంది. మెదడులో సున్నం పేరుకుంటుంది, ఎదుగుదల ఆగుతుంది. తల్లి కడుపులో ఉండగానే వైరస్ సోకినట్టుంటుంది, వెతికితే వైరస్ ఉండదు. ఒళ్లంతా ఇంటర్‌ఫెరాన్. 2018లో యూరప్ వైద్యులు ఇలాంటి కొద్దిమంది పిల్లలకు మూడు హెచ్ఐవీ మందులు ఇచ్చి చూశారు. ఆ మందులు ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారయ్యే పనిని ఆపుతాయి, లైన్-1 లాంటివి దూకేది ఆ పనితోనే. మందులు వాడినంతకాలం ఇంటర్‌ఫెరాన్ గుర్తులు తగ్గాయి. హెచ్ఐవీ లేని పిల్లలకు హెచ్ఐవీ మందు, ఒంట్లో పుట్టుకతో ఉన్న పాత చుట్టాన్ని అదుపు చేయడానికి.

ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదికే తిరగబడే లూపస్ అనే జబ్బు అంత అరుదు కాదు. ముప్పై ఏళ్ల ఆడపిల్ల చెంపల మీద ఎర్రమచ్చతో, కీళ్లనొప్పులతో, మూత్రంలో ప్రొటీన్‌తో వస్తుంది. చాలామంది లూపస్ రోగుల రక్తంలో ఇంటర్‌ఫెరాన్‌కు లేచే జన్యువులు మూకుమ్మడిగా లేచి ఉంటాయని 2003 నుంచీ తెలుసు. ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని మూసే అనిఫ్రోలుమాబ్ అనే మందుకు 2021లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ అమ్మాయికి ఇంట్లోవాళ్లు ప్రేమగా ఇమ్యూనిటీ పొడి కలిపి పాలిస్తారు. మా కాలేజీ ఆస్పత్రి ఓపీలో ఇలాంటి తల్లులను చాలామందినే చూశాను. వాళ్లమీద నాకు కోపం లేదు. బలహీనంగా ఉంది కదా మేడం, బలం రావాలని అంటారు. ఆ మాటను ప్రకటనలే నేర్పాయి.

మూలికలు కదా, మంచి చేయకపోయినా చెడు చేయవు అనేవారు తిప్పతీగ సంగతి తెలుసుకోవాలి. కరోనా రోజుల్లో ప్రతి గోడ మీదా పాకిన తిప్పతీగ కషాయమైంది. 2021లో ముంబై వైద్యులు అది వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురు రోగుల వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని పలు ఆస్పత్రుల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. చాలామందిలో దెబ్బ తీరు సొంత ఇమ్యూనిటీయే కాలేయం మీద పడ్డట్టుంది. ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నింద తిప్పతీగకు చెల్లదని వాదించింది. వాదన సాగనివ్వండి. నా ప్రశ్న వేరే. ఇమ్యూనిటీని నిజంగానే లేపే మందు అయితే, అది ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని అడగకుండా దుకాణంలో ఎలా అమ్ముతున్నారు? లేపనిదైతే డబ్బా మీద లేపుతుందని ఎలా రాస్తున్నారు? ఈ రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోమని ఆహార, ఔషధ నియంత్రణ అధికారులు కంపెనీలను అడగాలి. ఇమ్యూనిటీ పెంచుతుంది అన్న వాక్యాన్ని, అది ఏ కణంలో ఏ ప్రతిచర్యను ఎంత మార్చిందో మనుషుల మీద చూపించనంతకాలం, డబ్బా మీద అచ్చువేయనివ్వకూడదు. నిజంగానే లేపే మందుల సంగతి చూడండి. క్యాన్సర్ వైద్యంలో పాత రెట్రోవైరస్ ముక్కలను కావాలనే నిద్రలేపి, కణితి మీదికి ఇమ్యూనిటీని రప్పించే ప్రయత్నాలున్నాయి. ఎజాసైటిడిన్ వంటి మందులు కొంతవరకు ఆ దారిలోనే పనిచేస్తాయని 2015లో తేలింది. అవి ఇచ్చేటప్పుడు రక్తపరీక్షలు లేకుండా ఒక్క మోతాదు ముందుకు పోదు.

తప్పు ప్రకటనలదే కాదు, మా పుస్తకాలదీ ఉంది. ఎంబీబీఎస్ రెండో ఏడాది పిల్లలకు ఇమ్యూనిటీని ఇంకా కోట, సైన్యం, శత్రువు అన్న లెక్కలోనే చెబుతాం. ఆ లెక్కలో ఎక్కువ సైన్యం ఎప్పుడూ మంచిదే. మొదలుపెట్టే మీట, ఆపే మీట, ఆ రెండూ ఎక్కడినుంచి వచ్చాయి అన్నది ఒక్క గంట పాఠంగా పెట్టినా, ఆ పిల్లలు రేపు పల్లె పీహెచ్‌సీలో కూర్చుని ఇమ్యూనిటీ సిరప్ రాయడానికి కాస్త వెనకాడతారు.

ఇందులో అతి కూడా ఉంది, అది చెప్పకపోతే నేనూ డబ్బా అమ్మినట్టే. 2012లో ఎన్‌కోడ్ అనే భారీ ప్రాజెక్టు మన డీఎన్‌ఏలో 80 శాతానికి ఏదో ఒక పని ఉందని చాటింది. ఏదో ఒక ప్రొటీన్ వచ్చి కూర్చుంటే పనే అనుకుంటే ఎలా అని డాన్ గ్రౌర్ వంటి పరిణామ శాస్త్రవేత్తలు మరుసటి ఏడాదే చెడామడా తిట్టారు. తిట్టడంలో న్యాయం ఉంది. 2019లో లండన్‌లో మిగెల్ బ్రాంకో బృందం ఎలుక మూలకణాల్లో మీటల్లా కనిపించే దూకే ముక్కలను నిజంగా పరీక్షించి చూస్తే, వాటిలో కొద్దివాటికే జన్యువుల మీద పట్టు ఉంది. చెత్త అన్న మాట తప్పు, అంతా అమృతమే అన్న మాట ఇంకా తప్పు. సృష్టిలో ప్రతిదానికీ ప్రయోజనం ఉందని సైన్సు ఒప్పుకుంది అంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు ఈ పరిశోధనతో సంబంధం లేదు. ఏ ముక్క పనిచేస్తుందో ఒక్కొక్కటీ కోసి చూస్తేనే తెలుస్తుంది.

అందరిలోనూ ఒకే ముక్క పనిచేయదు కూడా. కెనడా శాస్త్రవేత్తలు పాల్గొన్న 2023 నాటి అధ్యయనంలో వేర్వేరు మనుషుల మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలకు ఫ్లూ వైరస్ సోకించి చూశారు. ఏ దూకే ముక్కలు చురుకవుతున్నాయో మనిషికీ మనిషికీ తేడా ఉంది, వైరస్‌కు స్పందించే తీరులోనూ తేడా ఉంది. ఒకే ఇంట్లో ఒకరికి ఫ్లూ మూడు రోజుల్లో పోయి, ఇంకొకరిని ఆస్పత్రి ఎక్కించడానికి కారణాల్లో ఇదొకటి కావచ్చు.

మన దగ్గర ఈ తేడాను వెతికే అవకాశం వచ్చి సగంలో నిలిచింది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 జనసమూహాల నుంచి సుమారు పదివేల మంది డీఎన్‌ఏ చదివింది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా అందులో భాగస్వామి. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని కేంద్రం ద్వారా పరిశోధకులకు తెరిచారు. మంచిపని. కానీ ఇంత పెద్దఎత్తున చదివేటప్పుడు డీఎన్‌ఏని 150 అక్షరాల చిన్న తునకలుగానే చదువుతారు. లైన్-1 పూర్తి నిడివి ఆరువేల అక్షరాలు. పదిలక్షల నకళ్లున్న ఆలులో 150 అక్షరాలు చదివి ఇది ఏ చోటిదని చెప్పడం చాలాసార్లు కుదరదు. పొడవు తునకలుగా చదివే యంత్రాలతోనే 2022లో మానవ జన్యుపటంలో అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఎనిమిది శాతం పూర్తయింది. ఆ యంత్రాలు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నాయి.

పదివేల మందినీ మళ్లీ చదవమనడం లేదు. లూపస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న తెలుగు కుటుంబాల నుంచి ఓ మూడు వందల మందిని, వాళ్ల ఇళ్లలోనే జబ్బులేని మూడు వందల మందిని తీసుకుని, పొడవు తునకలుగా చదివి, ఇంటర్‌ఫెరాన్‌కు లేచే జన్యువుల పక్కన ఎవరి దగ్గర ఏ ముక్క ఉందో పోల్చితే మొదటి అడుగు పడుతుంది. రోగులు హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి రుమటాలజీ ఓపీలో ఉన్నారు, చదవగలిగినవారు సీసీఎంబీలో ఉన్నారు. సీసీఎంబీ ఉన్న హబ్సిగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే తర్వాతి స్టేషనే నిమ్స్ ఉన్న పంజాగుట్ట. రెండు చోట్లవాళ్లూ కలిసి ప్రతిపాదన రాస్తే, డబ్బివ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వమా, కేంద్రంలోని బయోటెక్నాలజీ విభాగమా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.